పుట్టుకకు ప్రత్యక్ష సాక్షులు

చరిత్ర ఎక్కడ పడితే అక్కడ జరగదు. కారు ఆపుకోవడానికి రోడ్డు పక్కన ఇరవై అడుగుల చోటున్న దగ్గరే జరుగుతుంది. అమెరికాలో కెంటకీ కొండల్లోని టార్లో కౌంటీలో ఈ సత్యాన్ని కాపాడుతున్నది చారిత్రక ఫలకాల సంఘం. ఫలానా చోట ఫలానాది జరిగిందని చెప్పే ఇనుప ఫలకాలు కౌంటీ రోడ్ల పక్కన ఇప్పటికి నలభై మూడున్నాయి. అంతర్యుద్ధం నాడు ఒక సైన్యాధికారి గుర్రానికి నీళ్లు పట్టిన చోట ఒకటి. దానికి అర మైలు ఇవతల, పట్టబోతే గుర్రం తాగనన్న చోట ఇంకొకటి. (ఎందుకు తాగలేదన్న విషయంలో సంఘం ఇప్పటికీ రెండు వర్గాలు.)

డెబ్బై తొమ్మిదేళ్ల వెర్నా స్టాంపర్‌కు కావలసింది నలభై నాలుగోది. ఆమె తల్లి మాల్వినా మంత్రసాని. అక్కడి వాగు పొడవునా ముప్పై ఏళ్లపాటు ఆరువందల పదకొండు పురుళ్లు పోసింది. వాగు మలుపులో ఉన్న ఆమె ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. సమాధి రాతి మీది అక్షరాలను వాన తినేసింది. తను కూడా పోతే అమ్మ పేరు తలిచే నోరు ఉండదు, ఆ మలుపులో ఇనుము మీదైనా ఉండిపోతే చాలని వెర్నా ఆశ.

ఆమె దరఖాస్తు పద్నాలుగు పేజీలు. సంఘం జవాబు ఒక్క వాక్యం: రాతపూర్వక ఆధారం లేదు. నిజమే, మాల్వినాకు సంతకం రాదు. డాక్టర్ గిల్‌క్రిస్ట్ నెలకోసారి కొండెక్కి వచ్చి, అప్పటికే పుట్టి పాలు తాగుతున్న పిల్లలందరికీ ఒక్కచోట కూర్చుని జనన పత్రాలు రాసిచ్చేవాడు. అన్నిటి మీదా ఆయన సంతకమే. ఒకే ఉదయం మూడు లోయల్లో ఆయన పురుడు పోసినట్టు కూడా రాసి ఉంది. రాసి ఉంది కనక సంఘం నమ్మింది.

వెర్నా ఆరువందల పదకొండు బొత్తాల దండ పట్టుకెళ్లింది. పురుడైన ప్రతి ఇంట్లోనూ బాలింత తన గౌను బొత్తాం ఒకటి తెంపి మాల్వినా చేతిలో పెట్టేది. సంఘం దండను మూడు నెలలు పరిశీలించి, "ఇవి బొత్తాలేనని నిర్ధారించడమైనది" అని రాసి తిప్పి పంపింది.

ఇక మిగిలింది పద్నాలుగో నిబంధన: ప్రత్యక్ష సాక్షులు. వెర్నా పంతొమ్మిది మంది ముసలివాళ్లను వ్యానులో ఎక్కించుకుని, సంఘం సమావేశమయ్యే కోర్టు భవనానికి వెళ్లింది. సంఘాధ్యక్షుడు డెంజిల్ ప్రేటర్ మొదటి ముసలాయన్ని నిలబెట్టాడు.

"మీరు పుట్టినప్పుడు అక్కడ ఉన్నారా?"

"ఉండక ఎక్కడికి పోతానయ్యా?"

"మాల్వినా స్టాంపర్‌ను కళ్లారా చూశారా?"

"అప్పుడు ఏడుస్తున్నాను."

"చూడలేదని రాసుకోండి," అన్నాడు డెంజిల్.

పంతొమ్మిది మందీ ఏడుస్తున్నట్టే తేలింది. (ఒకామె మాత్రం తాను ఏడవలేదనీ, అందుకే మాల్వినా భయపడిందనీ చెప్పింది. అది విన్న మాటే కనక కొట్టేశారు.)

వెర్నాకు ఒళ్లు మండింది.

"ఒరేయ్ డెంజిల్! నిన్ను తలకిందులుగా పట్టుకుని వీపు మీద రెండు చరిచింది మా అమ్మే. పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డది నేను. నీకు ఊపిరి రాకపోతే ఇవాళ ఈ నిబంధనలు చదివేవాడివా?"

"అది కాదు అక్కా..." అని నాలిక కరుచుకుని, "వెర్నా గారూ, దరఖాస్తుదారు సాక్షి కాకూడదు," అన్నాడు. ఆ వెంటనే తన పుట్టుకలో తనకు స్వప్రయోజనం ఉందని గుర్తించి, అలాంటివాళ్లు తీర్పు చెప్పకూడదన్న నిబంధన ప్రకారం బయటికి వెళ్లిపోయాడు. ఐదుగురు సభ్యుల్లో నలుగురు మాల్వినా చేతిలో పుట్టినవాళ్లే. నలుగురూ నిజాయితీపరులు కావడంతో నలుగురూ వెళ్లిపోయారు.

మిగిలింది లిండ్‌క్విస్ట్. మూడేళ్ల కిందట వేరే రాష్ట్రం నుంచి వచ్చి స్థిరపడ్డాడు. చాలా మర్యాదస్తుడు. "అమ్మా, కాగితం మాటా పోకూడదు, మీ మాటా పోకూడదు. రెండూ వచ్చేలా నేనే రాస్తాను," అన్నాడు. వెర్నా ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

వసంతంలో ఫలకం వచ్చింది. సరిగ్గా ఆ మలుపులోనే నిలబెట్టారు. వెర్నా చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని వచ్చింది. డెంజిల్ ముసుగు లాగాడు, ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. వెర్నా కళ్లద్దాలు తుడుచుకుని, అమ్మ పేరు కోసం చివరి వరస దాకా చదివింది.

"ఈ వాగు పొడవునా డాక్టర్ గిల్‌క్రిస్ట్ 611 పురుళ్లు పోసెను. వేడి నీళ్లు స్థానికంగా సమకూర్చబడినవి."