ఏడుపు పడని క్యాను

గువ్వలపల్లిలో పొద్దున్నే పాలతో పాటు నిశ్శబ్దాన్ని కూడా క్యాన్లలో పట్టి కేంద్రానికి తీసుకెళ్లి పోస్తారు. పాలకు నీలం మూత, నిశ్శబ్దానికి తెల్ల మూత. రెండింటికీ వరస ఒకటే, వరసలో తోపులాటా ఒకటే. కాకపోతే తెల్ల మూత వాళ్లు నోరు మెదపకుండా తోసుకుంటారు. ఎండ ఎక్కేలోపు ట్యాంకరు వచ్చి సరుకంతా నింపుకుని నగరానికి పోతుంది. అక్కడ అపార్టుమెంట్లకు రోజు విడిచి రోజు నల్లాల్లో వదులుతారట.

ఇందులో వింతేమీ లేదు లెండి. నగరంలో నిశ్శబ్దం అడుగంటి చాలా కాలమైంది. బోర్లు వేసి చూశారు, పడలేదు. గువ్వలపల్లిలో చూస్తే పొలాల మీదా, కొట్టాల వెనకా ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది. ఊరికే పోయేదాన్ని పట్టి పంపితే మీ సొమ్మేం పోయిందని పైవాళ్లు అడిగారు. నిజమే కదా అని ఊరు ఒప్పుకుంది. బదులుగా గువ్వలపల్లిని గువ్వలపల్లిగానే ఉండనిస్తామని మాటిచ్చారు. పక్కనున్న బోడగుట్ట వాళ్లు మాత్రం మాకు మాట్లాడుకోకపోతే అన్నం సహించదని మొరాయించారు. బోడగుట్ట నగరంలో కలిసిపోయింది. అక్కడి రైతులు కొందరు ఇప్పటికీ తమ జొన్నచేలోనే ఉంటారు. ఆ చేను మీద లేచిన ఫ్లైఓవరు కింద నోట్లో విజిలు పెట్టుకుని, కార్లను వెనక్కి రానీ రానీ అంటూ చేతులూపుతుంటారు. గువ్వలపల్లి వాళ్లు బస్సులో అటుగా పోయినప్పుడు కిటికీ లోంచి తల తిప్పేసుకుంటారు.

కేంద్రంలో ఈదమ్మకు మంచి పేరుంది. సూపర్‌వైజరు సుదర్శనం సారు ప్రతి క్యానులోంచి కొంచెం గాజు గొట్టంలో పోసి, వెలుతురుకు పట్టి చిక్కదనం చూస్తాడు. నిద్రలో పట్టింది పల్చగా ఉంటుంది, దానికి మొహం చిట్లిస్తాడు. టీవీ కట్టేసి పట్టింది ఫర్వాలేదు. నోటిదాకా వచ్చిన మాటను దిగమింగినప్పుడు వచ్చేది అన్నింటికన్నా మేలు రకం, మీగడ కడుతుంది. అత్తను ఏదో అనబోయి ఆగిన కోడలి క్యాను, గట్టు ఎవరు జరిపారో తెలిసీ ఊరుకున్నవాడి క్యాను సారు పరీక్ష చేయకుండానే తీసుకుంటాడు. భర్త పోయిన రోజున ఈదమ్మ శోకాలు పెట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు ఆమె ఇంటి క్యాను ఎంత చిక్కగా ఉందో సారు ఇప్పటికీ పై ఆఫీసు వాళ్లకు చెబుతుంటాడు. ఉత్తమ ఉత్పత్తిదారు అని ఆమె ఫొటో కేంద్రం గోడకు తగిలించారు. ఫొటోలో కూడా ఆమె పెదాలు బిగించే ఉంది.

అలాంటి ఈదమ్మకు ఇప్పుడొక ఏడుపు కావాల్సి వచ్చింది.

కూతురు స్వరూప పురిటికి పుట్టింటికి వచ్చింది. తొలిచూలు బిడ్డ పుట్టినప్పుడు ఏడవలేదు. కళ్లు మూసుకునే వచ్చింది, మూసుకునే పోయింది. అప్పటినుంచీ స్వరూపకు లోకంలో ఇంకే కోరికా లేదు, ఈసారి పుట్టగానే బిడ్డ ఏడుపు తన చెవిన పడాలి. పగలు కునుకు తీసినా తల కొంచెం ఎత్తి, చెవి రిక్కించి పడుకుంటోంది. కూతుర్ని అలా చూసినప్పుడల్లా ఈదమ్మ చేతిలో ముద్దను కంచంలోనే వదిలేసేది.

గువ్వలపల్లిలో ఏడుపు చిన్న సంగతి కాదు మరి. కిందటేడు ఎవరో మమకారం చంపుకోలేక ఒక కోడిపుంజును గంప కింద దాచుకున్నారు. అది కూసింది. ఆ రోజు ట్యాంకరులో సరుకంతా పాలలా విరిగిపోయింది. నగరంలో ఒక కాలనీ మొత్తానికి నల్లా తిప్పితే కొక్కొరోకో అని వచ్చిందట, ఎంత కట్టినా ఆగలేదట. పైవాళ్లు కోప్పడలేదు. ఇంకొక్కసారి సరుకు విరిగితే ఇచ్చిన మాట చెల్లదని మాత్రం మర్యాదగా కబురు పెట్టారు. మరుసటి వారం ఊరి పొలిమేరలో రోడ్డు కొలిచేవాళ్లు కనబడి, ఒకసారి అటూ ఇటూ చూసి వెళ్లారు. ఊరికి వణుకు పట్టుకుంది.

ఈదమ్మ కేంద్రానికి వెళ్లి మినహాయింపు అడిగింది. మినహాయింపులు లేకపోలేదు. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు డప్పు ఒక దరువు వేయొచ్చు. చావులో దింపుడు కళ్లం దగ్గర పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలవొచ్చు, అదీ మెల్లగా. పుట్టుక మాత్రం నిబంధనల్లో లేదు. సుదర్శనం సారు చెడ్డవాడేం కాదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, కాగితాలన్నీ తిరగేసి మరీ నొచ్చుకున్నాడు.

“పుట్టకముందు దరఖాస్తు పెడితే బిడ్డ మన ఊరి మనిషే కాదు గదమ్మా” అన్నాడు. “పుట్టినంక పెడితే పైకి పోయి రావాలె. అది వచ్చేదాంక బిడ్డను ఆపుకోమనాలె.”

“ఒక్కపారి ఏడిస్తే సాలు సారూ. మల్ల ఏడువకుంట నేను జూసుకుంట.”

“మొదటి ఏడుపే శానా బలంగ ఉంటదమ్మా.”

ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. నొప్పులు రాకముందే నగరంలో ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అక్కడ ఎవరు ఎంత ఏడ్చినా అడిగే నాథుడు లేడు. మంచి మాటే అనిపించి ఈదమ్మ బట్టలు మూట కట్టి పెట్టింది.

ఆ సాయంత్రం నుంచి ఇరుగుపొరుగు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. బెల్లం తెచ్చినవాళ్లు, పాత చీరలు తెచ్చినవాళ్లు, ఉత్త చేతులతో వచ్చినవాళ్లు. ఎవరూ ఏమీ అనలేదు. ఊరికే కూర్చుని, స్వరూప కడుపు వైపు చూసి, లేచి వెళ్లారు. వాళ్ల మౌనం ఎంత చిక్కగా ఉందంటే, వాకిట్లో పెట్టిన క్యాను దానంతటదే నిండింది. పక్కింటి యాదమ్మ ఒక్కతే వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“మాకు ముగ్గురు ఆడపిల్లలున్నరు అక్కా” అంది గుసగుసగా. “మాకు విజిలు ఊదుడు రాదు.”

ఈదమ్మకు ఒళ్లు మండింది. ఊరంతా కలిసి పుట్టబోయే పసిగుడ్డు గొంతు మీద కూర్చున్నట్టుంది. ఊరు ఉంటే ఎంత, పోతే ఎంత, నా బిడ్డకు ఏడుపు వినబడాలి అనుకుంది. అటక మీంచి ఇత్తడి తాంబాళం దించి, చింతపండు పెట్టి తోమింది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే చెవి దగ్గర తాంబాళం మీద గరిటెతో గట్టిగా కొట్టడం ఆ ఊరి ఆనవాయితీ. ఉలిక్కిపడి కేర్ మంటుంది. స్వరూపను కూడా అలాగే ఏడిపించారు. తాంబాళాన్నీ గరిటెనూ చీర మడతల్లో చుట్టి ఈదమ్మ దిండు కింద పెట్టుకుంది.

నొప్పులు అనుకున్నదానికన్నా ముందే వచ్చాయి. పాల వరస ఇంకా కరగలేదు, అప్పుడే స్వరూప గోడ పట్టుకుంది. అంబులెన్సు వచ్చింది గానీ పొలిమేర దగ్గర ఆగిపోయింది. సైరను ఆపేస్తే రావొచ్చు కదా అంటే, సైరను ఆపితే అది అంబులెన్సు కిందికి రాదని, మామూలు బండికి పురిటి మనిషిని ఎక్కించుకునే అధికారం లేదని డ్రైవరు చెప్పాడు. అతని మాటా సబబే. బండి దిగి సిస్టరమ్మ ఒక్కతే పెట్టె చంకన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చింది.

వాకిలి నిండిపోయింది. సుదర్శనం సారు అరుగు మీద నిలబడి తెల్ల మూత క్యాను ఒకటి సిస్టరమ్మ చేతికిచ్చి లోపలికి పంపాడు. సరుకు కోసం కాదు, జాగ్రత్త కోసమే అన్నాడు. ఏడుపు బయటపడకముందే చుట్టూ ఉన్న నిశ్శబ్దాన్ని క్యానులోకి తీసేస్తే, మిగతా ఊరిదైనా విరగకుండా ఉంటుందని ఆయన ఆశ. సిస్టరమ్మ మూత తీసి మంచం కాళ్ల దగ్గర పెట్టింది.

స్వరూప పళ్ల మధ్య గుడ్డ కుక్కుకుని కన్నది. ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. తన అరుపు అడ్డమొస్తే బిడ్డ ఏడుపు వినబడదేమోనని ఆమె భయం. పిల్ల తల బయటపడేసరికే క్యాను సగానికి వచ్చింది.

ఆడపిల్ల. ఎర్రగా, నిండుగా ఉంది. సిస్టరమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టింది. పిల్ల నోరు తెరిచింది. చిన్న నాలుక వణికింది. ఏమనుకుందో ఏమో, పిల్ల ఒకసారి అటూ ఇటూ చూసి, తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. పక్కటెముకలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

“ఊపిరి మంచిగనే ఉంది” అంది సిస్టరమ్మ పెదాలతోనే.

ఈదమ్మ తాంబాళం తీసింది. గరిటె ఎత్తింది. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండగా తలుపు సందులోంచి వాకిలి కనబడింది. యాదమ్మ, ఆమె ముగ్గురు కూతుళ్లు, వెనకాల ఊరంతా. ఎవరూ వద్దనలేదు. ఎవరూ చేతులు జోడించలేదు. చూస్తున్నారంతే. పిల్ల ఊపిరి తీసుకుంటోంది కదా, బతికే ఉంది కదా, మరి తాంబాళం ఎందుకు అని ఈదమ్మకే ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన తనదో, వాకిట్లోంచి వచ్చిందో ఆమెకు తెలియలేదు. గరిటె దించేసింది.

స్వరూప నోట్లో గుడ్డ తీసింది.

“అమ్మా, ఏడ్చిందా?”

ఈదమ్మ పిల్లను తుడుస్తూ కూర్చుంది.

“ఏడ్చింది బిడ్డా. నొప్పులల్ల నీకు ఇనపడలే.”

“ఎట్లేడ్చింది?”

“నీ లెక్కనే ఏడ్చింది.”

స్వరూప గోడ వైపు తిరిగి పడుకుంది. మంచం కాళ్ల దగ్గర క్యాను నిండి, మీగడ అంచులు దాటి నేల మీదికి కారింది.

దాన్ని గాజు గొట్టంలో పోస్తే కిందికి జారలేదని సుదర్శనం సారు మురిసిపోయాడు. ట్యాంకరులో కలపకుండా విడిగా పంపాడు. నగరంలో దాన్ని చిన్న చిన్న సీసాల్లో పోసి, రాత్రుళ్లు నిద్రపోని పసిపిల్లల గదుల్లో చల్లుకోవడానికి అమ్ముతున్నారట. బ్రహ్మాండంగా పని చేస్తోందని పైనుంచి అభినందనలు వచ్చాయి. పుట్టుకను కూడా నిబంధనల్లో చేర్చారు. ఇప్పుడు గువ్వలపల్లిలో ఏ కాన్పు జరిగినా నీళ్ల కాగుతో పాటు తెల్ల మూత క్యాను కూడా సిద్ధం చేసుకుంటారు. యాదమ్మ పెద్దకూతురు కాన్పులోనూ అంతే. రోడ్డు కొలిచేవాళ్లు మళ్లీ పొలిమేరకు రాలేదు. ఊరు ఊరిలాగే ఉంది, చూసిన వాళ్లంతా ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు.

తాంబాళంలో ఇప్పుడు వడియాలు ఎండబెడుతున్నారు. పిల్ల నడక నేర్చింది. మొన్న వాకిట్లో పరుగెత్తబోయి, గడప తగిలి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు వచ్చింది. స్వరూప లోపల్నుంచి ఉరికొచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. ఆశగా చెవి ఇటు పెట్టింది. పిల్ల నోరు ఇంత చేసి తెరిచి, అలాగే ఉంచి, అమ్మమ్మ కోసం చూసింది.

ఈదమ్మ పరుగున వచ్చింది. ముందు క్యాను మూత తీసి పిల్ల పక్కన పెట్టింది. తర్వాతే ఎత్తుకుంది.