ఫ్యూజు పీకిన శనివారం

ఆ శనివారం దేవదానం సారు పెట్టుకున్న పనులు మూడే. పొద్దున ఒంటిపూట బడి, మధ్యాహ్నం బాడుగ మైకుసెట్టు తెచ్చుకోవడం, సాయంత్రం ఆరింటికి కొత్త ఇంట్లో ప్రార్థన. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బదిలీ అయి నెలన్నర కావస్తున్నా, ఈ ఇంట్లో దిగి పదిరోజులే అయింది. ఇంట్లో పొయ్యి వెలిగినా పాలు పొంగినా, ప్రార్థన జరగనిదే వాళ్ల సంఘంలో అది ఇల్లు కింద లెక్కకు రాదు. పాస్టరు ఆనందరావు అయ్యగారు స్వయంగా వస్తానన్నారు. నలభై మందికి కబురు వెళ్లింది.

అసలు ఈ ఇల్లు దొరకడమే మామూలు సంగతి కాదు. నెల రోజులు దేవదానం వీధి వీధీ తిరిగాడు. పేరు అడిగేదాకా ఖాళీగా ఉన్న ఇల్లు, పేరు చెప్పగానే ఎవరో బంధువులకు ఇచ్చేసిన ఇల్లు అయిపోయేది. బియ్యం కొట్టు శేషయ్య శెట్టి మాత్రం పేరంతా విని, "పిల్లోళ్లకు సదువు చెప్పే సారే కదా, రాండి" అని తాళంచెవి చేతిలో పెట్టాడు. శెట్టి ఉండేది పక్కింట్లోనే. ఈ మనిషితో చెడితే సామాను మళ్లీ బండెక్కవలసిందే. ఆ సంగతి దేవదానానికి తెలుసు, ఆయన భార్య రూతుకు ఇంకా బాగా తెలుసు.

ఇల్లు మారినవాడికి పాత ఇంటి పనులు కూడా కొన్ని మిగులుతాయి. ఆళ్లగడ్డ ఇంటి కరెంటు దేవదానం పేరు మీదే ఉండిపోయింది. దాన్ని తీసేయమని మంగళవారమే అర్జీ పెట్టాడు. అర్జీలు రాయడంలో తనను మించినవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. ఆళ్లగడ్డలో ఇస్తే సరిపోయేదాన్ని, కింద ఇస్తే ఏ పనైనా అవుతుందా, పైనుంచి అక్షింతలు పడాలిగానీ అని, నంద్యాలలోని పెద్దాఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాడు. ఇక అది వాళ్ల తలనొప్పి అనుకొని మరిచిపోయాడు.

ఒంటిగంటకు మైకుసెట్టు రిక్షాలో వేసుకొని వచ్చేసరికి రూతు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కరెంటు ల్యా," అంది.

"పోయింటాది. వస్తాదిలే."

"పోల్యా. పీక్కపోయినారు. ఖాకీబట్టలాయప్ప నిచ్చెనేసుకోని వచ్చె. దేవదానం సారు ఇల్లేనా అనె. అవునంటి. ఫ్యూజు పీక్కోని జేబులో ఏసుకోనె."

"నువ్వు సూస్తా ఊరకున్న్యావా?"

"ఏందప్పా ఇది అంటే, పైనించి ఆర్డరు అనె. నన్నేం సేయమంటారు, పోలెక్కి కాలు పట్టుకోమంటారా?"

దేవదానం పక్కింటి కిటికీలోకి తొంగిచూశాడు. లోపల శెట్టిగారి ఫ్యాను నిక్షేపంగా తిరుగుతోంది.

"శెట్టి యాడుండాడు?"

"ఆ ఖాకీబట్టలాయప్పను కొట్టుకాడికి పిల్చకపోయి మజ్జిగ తాపిచ్చినాడు. ఇద్దరూ చేతులూపుకుంటా శానాసేపు మాట్లాడుకున్యారు. మళ్ల ఇద్దరూ కలిసి యాడికో పోయినారు."

మజ్జిగ అనేసరికి దేవదానానికి అంతా అర్థమైపోయింది. నిన్న సాయంత్రమే కదా, "మైకు పెడతాండారంట, ఎంతసేపుంటాది సారూ?" అని శెట్టి ఆరా తీసింది! మైకు గిట్టదు, మొహాన చెప్పలేడు, లైన్‌మన్‌కు మజ్జిగ పోసి ఫ్యూజు పీకించాడు. ఎంత నంగనాచి!

"ఇల్లిచ్చినోడు కరెంటు పీకిస్తాడా? ఒక్క మాట అడిగి సూడండి ముందు," అంది రూతు.

"అడిగేదేముంది? నిప్పు లేనిదే పొగొస్తాదా?"

అయినా కొట్టు దాకా వెళ్లాడు. కొట్టుకు తాళం వేసి ఉంది. శనివారం పూట, బేరాల వేళ, బియ్యం వ్యాపారి కొట్టు మూసుకున్నాడంటే మొహం చెల్లకే కదా! అక్కడి నుంచి తిన్నగా పాస్టరుగారింటికి వెళ్లి మొత్తం చెప్పాడు. చెప్పేటప్పుడు మజ్జిగ కాస్తా కాఫీ టిఫిను అయింది.

ఆ తర్వాత కథకు దేవదానం అవసరం లేకపోయింది. మూడింటికి శెట్టి ప్రార్థన వద్దన్నాడట. నాలుగింటికి ఇల్లు ఖాళీ చేయమన్నాడట. ఐదింటికి సామాను వీధిలో పారేశాడట. ఐదున్నరకు సంఘపెద్ద సామ్యేలు ఎద్దులబండి కట్టుకొని వచ్చి ఇంటి ముందు ఆపాడు.

"సామానేది సార్? ఎక్కిచ్చండి. మా కొట్టంలో జాగా ఉంది," అన్నాడు.

సామాను లోపలే ఉందని చెప్పడానికి దేవదానానికి ఎందుకో నోరు రాలేదు. రూతు ఆయన వంక ఒకసారి చూసి లడ్లు చుట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

డిసెంబరు నెల, ఆరింటికే చీకటి. రెండు కొవ్వొత్తులు వెలిగించి, నలభై మంది చాపల మీద సర్దుకున్నారు. మైకు మూలన పడి ఉంది. అయ్యగారి గొంతుకు దాని అవసరం ఏనాడూ లేదు. అందరూ కళ్లు మూసుకోగానే ఆయన అందుకున్నారు.

"ప్రభువా! ఈ బీదకుటుంబాన్ని చీకట్లో కూర్చోబెట్టిన శేషయ్య శెట్టిని క్షమించు! ఆయన రాతిగుండెను మెత్తబరచు! ఆయన మూసుకున్న కళ్లను..."

"ఆమెన్!" అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా దేవదానం అన్నాడు.

అప్పుడే మూసిన రెప్పల మీద తెల్లటి వెలుగు పడింది. ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. గుమ్మంలో శేషయ్య శెట్టి, ఒక్కో చేతిలో ఒక్కో పెట్రోమాక్సు లైటుతో నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. వెనక ఖాకీబట్టల్లో లైన్‌మన్ బాలస్వామి.

"ప్రార్థన మద్దెలో వస్తిమి, ఏమనుకోవాకండి," అన్నాడు శెట్టి, లైట్లు కింద పెడుతూ. "పొద్దన్నించి తిరుగుతానే ఉండాం సారూ. వద్దప్పా, ఈ పొద్దు వాళ్లకు ప్రార్థనుంది అని బతిమాలితే ఈయప్ప ఇన్ల్యా. ఆపీసుకు పోతిమి. ఆపీసరు పాణ్యం పోయినాడంటే ఆడికీ పోతిమి. అర్జీ పెట్టినాయప్ప సంతకం పెడితేనే మళ్ల ఇస్తామనె. సరే, ఇప్పటికి లైట్లన్నా ఉండనీ అని తెస్తి. మా ఆడోళ్లు గూడా మైకులో పాటలిందామని ఆశపడిరి. ఎంతసేపుంటాదో కనుక్కోమని నిన్ననే నన్ను తరిమిరి."

"అర్జీనా? ఎవరు పెట్టినారు?" అన్నారు అయ్యగారు.

బాలస్వామి జేబులోంచి కాగితం తీసి ఆయన చేతికిచ్చాడు. పాస్టరుగారు దాన్ని వెలుగులోకి పట్టుకొని, ప్రసంగం చెప్పే గొంతుతోనే చదివారు.

"అయ్యా, నేను ఇల్లు మారినందున నా ఇంటి కరెంటు తక్షణమే తొలగించవలెను. జాప్యము జరిగినచో పై అధికారులకు నివేదించెదను. ఇట్లు, దేవదానం, శేషయ్య శెట్టిగారి ఇల్లు, నంద్యాల."

ఆఖరి ముక్క దగ్గర ఆయన గొంతు బాగా తగ్గింది.

"అది... ఆళ్లగడ్డ ఇంటికి రాసింది," అన్నాడు దేవదానం. ఆ మాట ఆయనకే సరిగ్గా వినపడలేదు.

"ఆళ్లగడ్డ అని యాడుంది సారూ? ఉండే అడ్రసు ఇదొక్కటే," అన్నాడు బాలస్వామి. "పైకి రాస్తానని గట్టిగా రాసినారని మా ఆపీసరు నన్ను ఉరికిచ్చె. నా సర్వీసులో ఇంత బిరీన ఏ పనీ కాల్యా."

ఎవరో నవ్వబోయి దగ్గారు. దేవదానానికి తల తీసేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా అర్జీ ఎట్లా రాయాలో పిల్లలకు బెత్తం పట్టుకొని నేర్పిన మనిషి! రెండో సిగ్గు ముందు ఆ సిగ్గు కాస్త మేలే. నెల రోజులు తలుపులన్నీ మూసుకుపోతే, తలుపు తీసిన ఒక్క మనిషిని పట్టుకొని ఊరంతా యాగీ చేశాడు. అడిగి చూడమని పెళ్లాం చెబితే వినలేదు. ఎక్కడైనా దాక్కుందామంటే ఆ రెండు లైట్లూ గదిలో ఒక్క మూల కూడా చీకటి మిగల్చలేదు.

"బయట ఆ ఎద్దులబండేంది సారూ?" అన్నాడు శెట్టి. "ఇంకా సామాను రావాల్నా?"

సామ్యేలు పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

దేవదానం లేచి నిలబడ్డాడు. "శెట్టిగారూ, తప్పు నాది. ఫ్యూజు మీరే పీకిచ్చినారని అందరికీ చెప్పినా. అనరాని మాటలన్నా. మీ మొహం చూసేదానికి నాకు సిగ్గవుతాంది. ఇల్లు ఖాళీ చేయమంటే రేపే చేస్తా."

శెట్టి మొహం ఒక్క క్షణం గట్టిపడింది. చాపల మీది నలభై మందినీ, గుమ్మం బయటి బండినీ చూశాడు. రూతు లడ్ల పళ్లెం పట్టుకొని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వద్దులే సారూ," అన్నాడు చివరికి. "కాళీ సేస్తే మళ్ల అర్జీ రాస్తారు."

చెప్పులు బయట విడిచి వచ్చి, చాప చివర కూర్చొని, చేతులు జోడించాడు. "నేనొచ్చేటప్పటికి నా పేరు సెప్పి దేవుణ్ని ఏందో అడుగుతాంటిరి, అయ్యగారూ. నా వల్ల సగంలో ఆగిపాయ. కానీండి."

అయ్యగారు మూడుసార్లు దగ్గి, ఈసారి పేర్లేవీ ఎత్తకుండా ప్రార్థించారు. ప్రార్థన ముగిసి, లడ్లు పంచి, నలభై మందీ వెళ్లిపోయేదాకా దేవదానం కళ్లు తెరవలేదు. అంతటి భక్తిని నంద్యాల సంఘం అదివరకెన్నడూ చూడలేదు.