టిక్కు పడ్డ కన్ను

పని మధ్యలో ఆగిపోవడం మానవ సహజం. ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియకపోవడం కార్యాలయ ధర్మం. నందిగామ డివిజనులో ఈ ధర్మాన్ని కాపాడుతున్న మహానుభావుడు నేత్ర సేవా సమన్వయాధికారి హరిచరణ్ గారు. శుక్లాలు వచ్చిన పెద్దవాళ్లకు ఒక్కొక్కరికీ ఆపరేషన్ తేదీ వేయించి, వాళ్లకూ ఆసుపత్రికీ కబురు పంపడం ఆయన విభాగం బాధ్యత. (ఆపరేషన్ చేయడం డాక్టర్ల బాధ్యత. అది చిన్నది.)

ఈ తేదీలు వేయడానికి క్రిస్టీ అనే కాంట్రాక్టు ఉద్యోగిని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. అది జాబితాలో మొదటి పేరు దగ్గర బయలుదేరి బుద్ధిగా కిందికి దిగుతుంది. ఎవరికైనా ఫోన్ నంబరు లేకపోతే ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోతుంది. కరెంటు పోతే చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. మళ్లీ నడిపితే మళ్లీ మొదటి పేరు నుంచే మొదలు. దాంతో జాబితాలో పైనున్న వాళ్ల పంట పండింది. కీసర నుంచి వచ్చిన ఒకావిడకు ఒకే కంటికి నాలుగు తేదీలు పడ్డాయి. ఆపరేషన్ అయిపోయాక రెండో తేదీకి కూడా పిలిచారు కదా అని వెళితే, నర్సు బాగున్న కంట్లో చుక్కలు వేయబోయింది. ఆవిడ చెప్పులు అక్కడే వదిలేసి బస్సెక్కేసింది.

క్రిస్టీ మందు కనిపెట్టింది. "సార్, తప్పొచ్చిన పేరుని పక్కన రాసుకుని ముందుకెళ్లేట్టు చేస్తానండి. పనైపోయిన పేరుకి టిక్కు పెట్టుకుంటుంది. ఆగిపోయినా టిక్కు లేని పేరు నుంచే మొదలవుద్ది."

"టిక్కెప్పుడు పెడుతుంది?"

"పనైపోయాకండి."

హరిచరణ్ గారి మొహం ముడుచుకుంది. సోమవారం పొద్దున్నే హాజరు పట్టీలో వారం మొత్తానికి సంతకాలు పెట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా ఉద్యోగం చేసే సంప్రదాయంలో పెరిగినవాడాయన. పని ముందు, గుర్తు తర్వాత అనడం ఆయనకు పెళ్లయ్యాక ముహూర్తం పెట్టినట్టు అనిపించింది.

"పని సగంలో ఉండగా కరెంటు పోతే?"

"టిక్కు పడదండి."

"చూశావా! పనీ పోయె, టిక్కూ పోయె. రెండు విధాలా నష్టం కదమ్మా? ముందు టిక్కు పెట్టించు. ఆనక పని. మధ్యలో ఏది పోయినా టిక్కన్నా మిగులుద్ది. ఆ ఎర్ర అక్షరాలు కూడా తీసెయ్యి, పైవాళ్లు చూస్తే కంగారుపడతారు."

క్రిస్టీ ఏదో చెప్పబోయింది. ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే, సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఆమె ప్రోగ్రాంలో టిక్కు లైను పైకీ, పని లైను కిందికీ మార్చింది.

ప్రోగ్రాం అద్భుతంగా నడిచింది. ముక్త్యాల ఊరి ఇశ్రాయేలు పేరు దగ్గర కరెంటు పోయింది. టిక్కు పడింది, తేదీ పడలేదు. కరెంటు రాగానే ప్రోగ్రాం ఆయన్ని దాటుకుని హుందాగా ముందుకు సాగింది. సాయంత్రానికి విభాగం నూటికి నూరు శాతం సాధించింది.

ఇశ్రాయేలు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన మనిషి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి శుక్లం ముదిరింది, ఇంకా జాగు చేస్తే చేతిలో ఉండదని డాక్టరు చెప్పేశాడు. తన వీధిలో అందరికీ కబుర్లొచ్చి తనకు రాకపోయేసరికి, కూతురు జయమణి చెయ్యి పట్టుకుని, జగ్గయ్యపేటలో బస్సు మారి ఆఫీసుకొచ్చాడు.

హరిచరణ్ గారు కంప్యూటర్ చూశారు. "మీకు అయిపోయిందండి."

"ఏవయిపోయింది బాబూ?"

"ఆపరేషను. ఇదిగో, టిక్కుంది."

"కాలేదండి! కళ్లముందున్న మనిషిని చూసి చెప్పండి" అంది జయమణి.

"చూడ్డానికేముందమ్మా, రికార్డుంది. మళ్లీ తేదీ కావాలంటే మొదటి ఆపరేషన్ ఫెయిలయిందని డాక్టరు చేత రాయించుకురండి."

తను చేయని ఆపరేషన్ ఫెయిలయిందని రాయనన్నాడు డాక్టరు. (డాక్టర్లలో ఈ మొండితనం మొదటినుంచీ ఉంది.) క్రిస్టీ సిగ్గుతో చచ్చిపోతూ, ఆ ఒక్క టిక్కు తీసేయడానికి ఎంతోసేపు పట్టదంది. తీస్తే నూటికి నూరు పోతుందన్నారు హరిచరణ్ గారు. విజయోత్సవ సభకు షామియానా కూడా చెప్పేశారు మరి.

సభకు లబ్ధిదారులు కావాలి. టిక్కులున్న వాళ్లలోంచి ప్రోగ్రామే కొందరిని ఏరింది. అలా మొట్టమొదటిసారి ఇశ్రాయేలు ఫోన్‌కు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఫలానా రోజు పొద్దున్నే జగ్గయ్యపేట రావాలని తప్ప, ఎందుకో అందులో లేదు. ఆపరేషనే అనుకున్నాడాయన. పరగడుపున, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చాడు.

వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు. చప్పట్లు మోగుతుంటే ఆయన ఇది మత్తుమందుకు ముందు చేసే మర్యాదేమో అనుకుని కదలకుండా కూర్చున్నాడు. తప్పు ఆయనది కాదు, అన్నం లేదు, చూపు లేదు, చెప్పే దిక్కు లేదు.

సభ ముగిశాక హరిచరణ్ గారు తన ఫోన్‌లో ఫొటో తీసి ఆయన మొహం ముందు పెట్టారు. "చూడండి పెద్దాయనా, ఎంత బాగొచ్చారో!"

కాదంటే ఆపరేషన్ వరస తప్పిపోతుందేమోనని భయపడి, ఇశ్రాయేలు ఫోన్ లేని వైపు తిరిగి, "చాలా బావుందండి" అన్నాడు.

చూపు వచ్చిందనడానికి సాక్ష్యంగా ఆ మాటను నివేదికలో చేర్చారు.