బరువైన వర్క్‌స్టేషను

"కంప్యూటరు కోలుకునేవరకు పౌరులు జననమరణాలు వాయిదా వేసుకుని సహకరించగలరు" అని నమోదు కార్యాలయం తలుపు మీద నోటీసు అంటించారు. పౌరులు చదివారు. చదివి, బుద్ధిగా వరుసలో నిలబడ్డారు.

ఆ వరుసలో పదకొండో మనిషి ఆపరేటరమ్మ. అదే కార్యాలయంలో ఇరవై రెండేళ్లు కంప్యూటరు నడిపి, నాలుగేళ్ల కిందట రిటైరైంది. మనవరాలిని బడిలో చేర్చడానికి శుక్రవారం ఆఖరు రోజు. అది బుధవారం. పిల్ల పుట్టిందనడానికి ఇంట్లో పిల్ల ఉంది గానీ, బడివాళ్లకు ఆ రుజువు చాలలేదు.

ఊరి జననమరణాల లెక్కంతా వర్క్‌స్టేషను అనే ఒక పాత, పెద్ద కంప్యూటరులో ఉండేది. ఆ లెక్క రాసే ప్రోగ్రాము ఆ జాతి యంత్రం మీద తప్ప నడవదు. నెల కిందట అది మొరాయించగానే అధికారిగారు వెంటనే, అంటే పన్నెండు రోజుల్లో, ఎంపిక సంఘం వేశారు. కంప్యూటరు తెలిసినవాళ్లయితే పక్షపాతం చూపిస్తారని, తెలియనివాళ్లనే ఐదుగురిని ఏరి మరీ వేశారు.

సంఘం శ్రద్ధగా పనిచేసింది. ముందు సరికొత్త కంప్యూటర్లు ఆరు తెప్పించింది. ప్రోగ్రాము ఉన్న పాత సీడీని చూసి ఆరూ మొహం తిప్పుకున్నాయి. "మావి మరీ కొత్తవండి, అదే వాటి లోపం" అని అమ్మినవాడు వినయంగా ఒప్పుకున్నాడు. అప్పుడు సంఘం ఒక గోదాములో నాలుగు పాత వర్క్‌స్టేషన్లు పట్టుకుంది. ఏది మంచిదో తేలక, తూకం వేయించి, అన్నిటికన్నా బరువైనదాన్ని ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఆ బరువులో కొంత లోపల కాపురముంటున్న ఎలుకలదని తర్వాత తెలిసింది. నివేదికలో వాటిని "అదనపు సౌకర్యాలు" అని రాసుకున్నారు.

ప్రోగ్రాము ఎక్కిస్తుంటే నలభై శాతం దగ్గర ఆగి, "లైసెన్సు ఇంకా మొదలుకాలేదు" అని తెర మీద పడింది. తొమ్మిదిసార్లు ఎక్కించారు. తొమ్మిదిసార్లూ అదే మాట. మొదలుకాలేదని యంత్రమే చెబుతోంది గనక మొదలయ్యేదాకా ఆగడమే న్యాయమని సంఘం తీర్మానించి, టీకి లేచింది.

ఆపరేటరమ్మ కిటికీ అద్దంలోంచి తెర మూల ఉన్న తేదీ చూసింది. ఇక ఉండబట్టలేక లోపల ఉన్న అధికారిగారి దగ్గరికి వెళ్లింది.

"సార్, దాని గడియారం ఆగిపోయింది. ఇంకా పంతొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరమే అనుకుంటోంది. అప్పటికి ఆ ప్రోగ్రామే పుట్టలేదు. లోపల గుండీ అంత బ్యాటరీ ఉంటుంది, అది మార్చి తేదీ దిద్దితే చాలు."

"అమ్మా, మీరు రిటైరయ్యారు. యంత్రాన్ని ముట్టుకోకూడదు."

"నేను ముట్టుకోనండి. చెబుతాను, మీరు ముట్టుకోండి."

"నేను అధికారిని. నేనెలా ముట్టుకుంటాను?"

"నాకైతే ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు తలుపు దగ్గర అటెండరు.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వేళ్లు ఊరుకోవడం లేదు. "ఆ స్క్రూ కాదు నాయనా, పక్కది. నెమ్మది, ఎలుక పిల్లలున్నాయి." కొత్త బ్యాటరీకి టెండరు పిలిస్తే ఆరు వారాలు. అటెండరు కొత్త కంప్యూటర్లలో ఒకదాన్ని విప్పి, దాని బ్యాటరీ పీకి ఇందులో పెట్టాడు. ఆ ఆరింటి వల్ల కార్యాలయానికి కలిగిన తొలి ఉపయోగం అది.

తేదీ దిద్దారు. నలభై దాటింది. తొంభై దాటింది. మొరాయించిన యంత్రంలోని డిస్కు తీసి తగిలించగానే ఊరంతా మళ్లీ పుట్టింది. తెర మీద మనవరాలి పేరు కనబడేసరికి ఆపరేటరమ్మకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రం హాల్లో అభినందన సభ జరిగింది. "ఈ ఘనత ఎంపిక సంఘం దూరదృష్టిది! ఆ బరువైన యంత్రాన్నే ఎంచుకోకపోతే, ఈ రోజు మనలో ఒక్కరైనా పుట్టి ఉండేవారా?" అని అధికారిగారు గద్గద స్వరంతో అడిగారు. ఐదుగురికీ జ్ఞాపికలు ఇచ్చారు. అనుమతి లేకుండా కొత్త కంప్యూటరు విప్పినందుకు అటెండరుకు మెమో ఇచ్చారు. హాలు చప్పట్లతో మారుమోగింది.

అందరికన్నా గట్టిగా కొడుతున్నది ఆపరేటరమ్మే. పక్కనున్న పెద్దాయన వంగి, "పని చేయించింది మీరు కదమ్మా, మీరెందుకు కొడుతున్నారు?" అన్నాడు.

"సర్టిఫికెట్టు మీద అధికారిగారి సంతకం ఇంకా పడలేదండి" అంది ఆమె.

పెద్దాయన తన చేతిలోని సంతకం లేని కాగితం కేసి ఒకసారి చూసుకున్నాడు. దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, చంకలోని సంచి కింద దించి, రెండు చేతులతో మొదలుపెట్టాడు.