చదువు అప్పుకు దీర్ఘాయుష్షు

అక్క వర్నెట్టాను మట్టికి అప్పగించి వచ్చిన రోజున నాకొక నిజం తెలిసింది: పై చదువుల అప్పు మా నల్లవాళ్ళ పాలిట వరం. శాపమనేవాళ్ళు తొందరపడుతున్నారు.

అక్క కూతురు డెలోరాకు ఇక్కడే మెంఫిస్‌లో, వాళ్ళమ్మ చదివిన ఎం.ఇడి.లోనే సీటొచ్చింది. "అప్పు తీసుకోనా, మామయ్యా?" అని అడిగింది. నేను బడిపంతుల్ని. ధైర్యం చెప్పడం నా విధి.

మొదటి లాభం, ఈ అప్పు ఎదుగుతుంది. అక్కా, పక్క క్లాసు తెల్ల టీచరు హైడీ ఒకే ఏడు, ఒకే డిగ్రీకి, ఒకే మొత్తం తెచ్చారు. జీతాలూ ఒకటే. హైడీ అప్పు పాపం, అల్పాయుష్షుది. వాళ్ళ తాత సరస్సు ఒడ్డున ఉన్న ఇల్లు అమ్మి, ఒక్క చెక్కుతో దాని పని పట్టాడు. అక్కది అలా కాదు. పద్నాలుగేళ్ళు కిస్తీలు తిని, తెచ్చిననాటికంటే ఏపుగా పెరిగింది. పెంపకమంటే అదీ!

పైగా ఎంత కలుపుగోలుతనం! డిగ్రీ రాగానే అక్క ఇంటిల్లిపాదికీ బ్యాంకయింది. అమ్మ కరెంటు బిల్లు, బాబాయి కారు బ్రేకులు, చర్చి పైకప్పు. ఆ నెలల్లో కిస్తీ కట్టకపోతే వడ్డీ ఏమీ నొచ్చుకోలేదు. సర్దుకుని అసలులో కలిసిపోయింది.

అంత్యక్రియల భోజనాల దగ్గర హైడీ నిజంగానే ఏడ్చింది. మంచి మనిషి. "మీ పెద్దవాళ్ళెవరూ సాయం చెయ్యలేదా, ఆంటీ?" అని మా ఆర్నిస్ పిన్నిని అడిగింది.

"మా నాన్న ఆ సరస్సు ఇళ్ళకే సున్నాలేశాడమ్మా," అంది పిన్ని. "ఒకటి కొనుక్కుంటానంటే, నల్లవాళ్ళకు అమ్మం అన్నారు. ఆ కోడిముక్క తిను, చల్లారిపోతోంది."

చూశారా? ఇల్లు అమ్ముకునే బాధ మాకు ముందే తప్పించారు.

ఇక మాఫీ లేదంటారా? ఎందుకు లేదు? అక్క ఏళ్ళతరబడి దరఖాస్తులు పెట్టింది. ప్రతిసారీ ఏదో ఒక కాగితం తక్కువైందన్నారు. నిజమే, తక్కువైంది. మొన్న నేను మరణ ధ్రువపత్రం పంపాను. మొత్తం కొట్టేశారు. మర్యాదగా సంతాపం కూడా తెలిపారు.

కాబట్టి డెలోరాకు చెప్పాల్సింది తేలికే. మీ అమ్మలా చదువు. మీ అమ్మలా పాఠాలు చెప్పు. మీ అమ్మలా కట్టు. ఆమెకు యాభై రెండో ఏట విముక్తి దొరికింది.

శుక్రవారంలోగా ఆ పిల్ల సంతకం పెట్టాలి. నేనింకా జవాబు చెప్పలేదు.