నూట నలభై సెంటీమీటర్ల లోపు అమ్మమ్మ

మనిషి ఎప్పుడు పెద్దవాడవుతాడన్న ప్రశ్నకు లోకంలో ఇంతకాలం ఎవరికీ దొరకని జవాబు మేఘ సామ్రాజ్యం వారికి దొరికింది. నూట నలభై సెంటీమీటర్లు.

హోన్ సువాంగ్ కొండ మీద ఆ వినోద నగరాన్ని కట్టిన కంపెనీ టికెట్ నియమావళిలో ఏడో నిబంధన ప్రకారం నూట నలభై దాటినవారు పెద్దలు. నూటికీ నూట నలభైకీ మధ్యవారు పిల్లలు. నూటికి లోపువారు చేతిసామాను.

థాన్ మిన్ నాడు, అంటే ఊళ్లోవాళ్లంతా తమవాళ్ల సమాధులు శుభ్రం చేసి అగరొత్తులు వెలిగించే రోజు పొద్దున, ఆ ఇంట్లో ఉన్నవాళ్ల వివరాలు ఇవి. అమ్మమ్మ మూయి, డెబ్బై ఎనిమిదేళ్లు, నడుము వంగిన మనిషి, ఎత్తు అప్పటికింకా ఎవరూ అడగలేదు. మావయ్య లుక్, నూట అరవై ఆరు, మంచం దిగలేదు కనుక దాన్ని పొడవు అనాలి. మనవరాలు దియెప్, పదహారేళ్లు, నూట యాభై ఒకటి, వంటింటి తలుపు వెనక. పళ్లెంలో నోట గులాబీ పెట్టుకుని కూర్చున్న ఉడికించిన కోడి ఒకటి. గోడ మీద పటంలో తాతయ్య.

దియెప్ వాళ్ల అమ్మ బిక్ ఇంట్లో లేదు. ఆమె కొండ మీద పిల్లల సంరక్షణ గృహంలో ఉద్యోగి. పనీ పడకా అక్కడే. నెలకు రెండు రోజులు కిందికి వస్తుంది. (ఆ రెండు రోజులూ మబ్బు పట్టి కేబుల్ కారు ఆగిపోతే, సెలవును మబ్బు వాడుకున్నట్టు రాసుకుంటారు. పోయిన మూడు నెలలుగా మబ్బు బాగా విశ్రాంతి తీసుకుంది.)

తాతయ్య సమాధి కూడా కొండ మీదే. కంపెనీ వచ్చిన కొత్తలో అక్కడి నలభై ఒక్క సమాధుల్ని కిందికి దించారు. నలభై రెండోది తాతయ్యది. అమ్మమ్మ సంతకం పెట్టలేదు. "ఆయనకు కొండ దిగాలంటే బతికున్నప్పుడే బద్ధకం" అంది. కంపెనీవారు పెద్ద మనసు చేసుకుని సమాధిని వదిలేశారు. దారిని మాత్రం మూడేళ్ల కిందట తీసుకున్నారు. పాత కాలిబాటకు ముళ్లకంచె వేసి "ప్రకృతి విశ్రాంతి తీసుకుంటోంది, మీరు కేబుల్ కారులో రండి" అని బోర్డు పెట్టారు.

అటుపిమ్మట ఒక ఏడు క్యూ కదలక వెనక్కి వచ్చారు. నిరుడు మబ్బు.

"ఈ ఏడన్నా నా చేత్తో నేను వెలిగించకపోతే నన్ను మరిచిపోతాడే ఆయన," అంది అమ్మమ్మ, కోడి చుట్టూ గుడ్డ బిగిస్తూ. "అసలే మతిమరుపు మనిషి. ఒరే లుక్, లేస్తావా, నీళ్లు పొయ్యమంటావా?"

"నేను రానమ్మా. నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి."

"మంచం కూడా ఎత్తేనట్రా నీకు?"

మావయ్య ఒకప్పుడు అదే కంపెనీలో మూడు రోజులు పని చేశాడు. ఆ అనుభవంతో పడుకునే సలహా ఇచ్చాడు. "దియెప్, పైన మీ అమ్మ కనబడితే అమ్మా అని పిలిచేవు. దాని ఉద్యోగం ఊడుతుంది. పని వేళల్లో ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ముప్పై ఒకటో నిబంధన."

దియెప్ తల ఊపింది. ఆ పిల్ల ఎవరినన్నా పేరు పెట్టి పిలిచి చాలాకాలమైంది. బడిలో హాజరు పిలిస్తే నోరు తెరవకుండా చెయ్యి ఎత్తేది. మేష్టారు తల ఎత్తని రోజున ఆమె బడికి రానట్టే.

కొండ కింద టికెట్ల దగ్గర కొలతకర్ర లేదు. జిరాఫీ ఉంది. చెక్కతో చేసి పసుపు రంగు వేసి, మెడ పొడవునా అంకెలు రాశారు. దాని పక్కన ఎత్తుల విభాగం ప్రథమశ్రేణి అధికారి ఖాంగ్ గారు నిలబడి మనుషుల్ని వయసుల్లోకి మారుస్తున్నారు.

"టోపీ తియ్యండి. జిరాఫీకి ఆనుకోండి." ఖాంగ్ అమ్మమ్మ తల మీద చెక్క పలక ఆనించి చూశాడు. "నూట ముప్పై ఏడు. పాప."

"ఎవర్రా పాప? మీ నాన్నకు అరటిపండు నమిలి పెట్టినదాన్ని."

"ఆయన్నీ మొన్న కొలిచానమ్మా. నూట అరవై రెండు. ఇక్కడ చుట్టరికాలు లేవు."

అమ్మమ్మ గుర్తింపు కార్డు తీసి చూపించింది. ఖాంగ్ దాన్ని మర్యాదగా అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో పుట్టిన ఏడాది ఉంది. ఎత్తు లేదు. మాకిది చెల్లదు."

దియెప్ నోరు తెరిచింది, మూసింది, పక్క కిటికీ వైపు వేలు చూపించింది. దాని మీద "వృద్ధులు" అని రాసి ఉంది.

"అది వృద్ధులకు పాపా. వృద్ధులు కావాలంటే ముందు పెద్దవాళ్లు కావాలి కదా? ఈవిడ ఇంకా ఆ దశకు రాలేదు."

క్యూలో వెనక నిలబడ్డ నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అదీ న్యాయమే అన్నట్టు తలలాడించారు.

పిల్లలు ఒంటరిగా కొండెక్కకూడదు. నూట నలభై దాటిన సంరక్షకులు వెంట ఉండాలి. జిరాఫీ దియెప్‌ను ఒక్క చూపులో పెద్దదాన్ని చేసింది. చేతికి ఒక ఫారం వచ్చింది. పాప పేరు: మూయి. సంరక్షకులతో సంబంధం: తల్లి, తండ్రి, ఉపాధ్యాయిని, ఇతరములు. దియెప్ ఇతరములు దగ్గర గీత పెట్టింది. పాప చదువుతున్న తరగతి?

"రెండు," అంది అమ్మమ్మ. "మూడో తరగతికి వెళ్దామనుకునే లోపల బడి మీద బాంబు పడింది."

పాప మారాం చేస్తే ఏమిస్తే ఊరుకుంటుంది?

"దారి," అంది అమ్మమ్మ.

దియెప్ ఆ గడిలో "మిఠాయి" అని రాసి, జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషిగా సంతకం చేసింది. అమ్మమ్మ చేతికి బాతు బొమ్మ ఉన్న పసుపు పట్టీ కట్టారు.

తరువాత బుట్ట తనిఖీ. కోడి బయటి ఆహారం కిందికి వచ్చింది. లైటరు, అగరొత్తుల కట్ట అగ్నిప్రమాదం కిందికి వచ్చాయి. పోయినవాళ్ల కోసం కాల్చే కాగితపు డాలర్ల దగ్గర తనిఖీ ఆవిడ ఆగిపోయింది.

"ఇవి దొంగనోట్లండీ."

"చచ్చినవాళ్లకే తల్లీ ఇస్తున్నది."

"ఎవరికిచ్చినా దొంగనోట్లు దొంగనోట్లే."

అన్నిటినీ ఒక అరలో పెట్టి తాళం వేసి, కోడికి ఇరవై ఆరో నంబరు బిళ్ల ఇచ్చారు. అమ్మమ్మ గొడవ చెయ్యలేదు. అంత తేలిగ్గా ఊరుకోవడం చూసి దియెప్‌కే అనుమానం వచ్చింది. కేబుల్ కారు డబ్బా తలుపు మూసుకుని, నేల కిందికి జారిపోయాక, అమ్మమ్మ వెదురు టోపీ తీసి ముడిలో దోపుకున్న మూడు అగరొత్తులు బయటికి లాగింది.

"తనిఖీవాళ్లు పిల్లల జుట్టు ముట్టుకోకూడదట. గోడ మీద రాసుంది. రెండో తరగతి ఊరికే చదివానా?"

కేబుల్ కారు డబ్బాలో ఒక తీయని గొంతు మేఘ సామ్రాజ్యం చరిత్ర చెబుతోంది. కొండ మీద అంతకుముందు ఏమీ లేదట, ఎవరూ లేరట, ఒట్టి మబ్బేనట. కింద అడవి, అడవిలోంచి పైకి లేచిన సిమెంటు స్తంభాలు. అమ్మమ్మ అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెడుతోంది.

"అదుగో నాలుగోది. చూశావా? నా నడుము అందులోనే ఉంది."

పద్దెనిమిదేళ్ల క్రితం ఆ స్తంభానికి ఏడు నెలలు ఇసుక మోసింది అమ్మమ్మ. అప్పట్లో ఆమె ఎత్తు నూట నలభై తొమ్మిది. (కూలీల ఎత్తు ఎవరూ కొలవలేదు. బస్తాల ఎత్తు కొలిచారు.)

పైన ఐరోపా ఉంది. గంటలున్న గోపురం, రాతి వీధులు, ఒక గాలిమర. గాలి లేనప్పుడు దాన్ని కరెంటుతో తిప్పుతారు. తాతయ్య సమాధి గాలిమర వెనక ఉంది. గాలిమర ద్రాక్షసారా తోటలో ఉంది. తోట గుమ్మం దగ్గర మరో జిరాఫీ ఉంది.

"పిల్లలకు ప్రవేశం లేదు," అన్నాడు అక్కడి కాపలా యువకుడు. వాడి తల మీద ఈక ఉన్న టోపీ, నడుముకు ప్లాస్టిక్ కత్తి. "లోపల సారా అమ్ముతారు. పొగ తాగుతారు. పాప చెడిపోతుంది."

"నేను చెడిపోనులే నాయనా, వయసు దాటింది."

"కొలవమంటారా?"

"కొలువు," అంది అమ్మమ్మ.

టోపీ తీసి దియెప్ చేతికిచ్చింది. చెప్పులు విడిచింది. జిరాఫీకి వీపు ఆనించి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, నెమ్మదిగా పైకి లేవడం మొదలుపెట్టింది. వెన్నులో ఎముకలు ఒక్కొక్కటీ పలికాయి. మొహం ఎర్రబడింది. నూట ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. మునివేళ్ల మీద లేవలేదు, అది మోసం. కాపలావాడు పలక పట్టుకుని ఊపిరి బిగబట్టి చూశాడు. వాడూ మనిషే. ముప్పై తొమ్మిది దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఒక్క సెంటీమీటరు," అన్నాడు వాడు నిజమైన బాధతో. "పాలు బాగా తాగు పాపా. వచ్చే ఏటికి పెరుగుతావు."

అమ్మమ్మ మళ్లీ వంగిపోయింది. మూడు అగరొత్తులు దియెప్ చేతిలో పెట్టి, ఆ గుప్పిటను తన రెండు చేతులతో మూసింది. "నువ్వెళ్లు. నేనే పంపానని చెప్పు. గట్టిగా చెప్పు, ఆయనకు చెవుడు."

అయితే సంరక్షకులు పిల్లల్ని వదిలి వెళ్లకూడదు. వెళ్లదలిస్తే పిల్లల్ని సంరక్షణ గృహంలో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ మాట వినగానే దియెప్ అమ్మమ్మ చెప్పుల్ని ఆమె కాళ్ల ముందుకు జరిపింది.

సంరక్షణ గృహం పుట్టగొడుగు ఆకారంలో ఉంది. గుమ్మంలో బంగారు రంగు విగ్గు, రెండు జడలు, గళ్ల ఏప్రాను వేసుకున్న ఒకామె నిలబడింది. రొమ్ము మీద "ఎలీజ్ అక్క" అని పేరు. జడల మధ్యనున్న మొహం మాత్రం దియెప్ వాళ్ల అమ్మది. ఆమె తల పైన కెమెరా ఎర్రగా వెలుగుతోంది.

ఎలీజ్ అక్క దియెప్‌ను చూసింది. అమ్మమ్మను చూసింది. పసుపు పట్టీ మీద బాతును చూసింది. తరువాత కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది.

"మేఘ సామ్రాజ్యానికి స్వాగతం. పాప పేరేమిటి?"

"నీకు తెలీదటే?" అంది అమ్మమ్మ. ఆమె చూపు కూతురి చూపు వెంట కెమెరా దాకా పోయి వచ్చింది. "మూయి," అంది నెమ్మదిగా.

"ఏ తరగతి?"

"రెండు."

"అన్నం తిన్నావా?"

ఆ ప్రశ్న కాగితంలో లేదు.

"కోడిని కింద జైల్లో పెట్టారు," అంది అమ్మమ్మ. ఎలీజ్ అక్క ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతూ, రసీదు దియెప్‌కు అందించింది. కాగితం కింద వేళ్లు వేళ్లకు తగిలి, ఉండవలసిన దానికన్నా కాస్త ఎక్కువసేపు ఉన్నాయి. ఆలస్యం ఎంతసేపో కెమెరా రాసుకునే ఉంటుంది.

తాతయ్య చుట్టూ పొగ తాగేవాళ్ల బల్లలు వేశారు. సమాధి మీది అక్షరాల్ని తీగ కప్పేసింది. పక్కన చిన్న బోర్డు: "పురాతన ఐరోపా రాయి. ఫొటో స్థలం 17." ఇద్దరు కొత్త దంపతులు దాని మీద కూర్చుని బుగ్గ బుగ్గ ఆనించుకుంటున్నారు. దియెప్ వాళ్లు లేచేదాకా నిలబడింది. లెమ్మని చెప్పే గొంతు ఆమెకు లేదు. వాళ్లు లేచాక తీగ తప్పించి, మట్టి చేత్తో తుడిచింది. అప్పుడు గుర్తొచ్చింది, లైటరు కోడితో పాటు కింద ఉందని.

పక్క బల్ల దగ్గర ఒకాయన సిగరెట్టు ముట్టిస్తున్నాడు. దియెప్ గొంతు రెండుసార్లు సవరించుకుంది.

"అన్నా. నిప్పు."

ఆయన అగరొత్తుల్ని చూశాడు. "ఇదేం సిగరెట్టమ్మా, ఇంత సన్నగా?"

"విదేశీది."

పొగ లేచింది. వాసనకు లోపలి కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. "ఇక్కడ సిగరెట్టు తప్ప ఇంకేదీ కాల్చకూడదు. మూడు ఒకేసారి తాగుతున్నావా?"

"ఒకటి నాది," అంది దియెప్. "ఒకటి అమ్మమ్మది. ఒకటి మా అమ్మది."

"వాళ్లేరీ?"

"పిల్లల గృహంలో ఉన్నారు."

కాపలాదారు ఆలోచించాడు. నిబంధనలన్నీ మనసులో తిరగేశాడు. "అదీ మంచిదే," అన్నాడు చివరికి. "పిల్లల దగ్గర పొగ కూడదు."

దియెప్ రాయికి దగ్గరగా వంగి, చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా చెప్పింది: "తాతయ్యా, అమ్మమ్మ పంపింది. రావాలనే వచ్చింది. ఒక్క సెంటీమీటరు తక్కువైంది." బల్లల దగ్గర అందరూ తిరిగి చూశారు. ఆమె లెక్కచెయ్యలేదు. ఒత్తులు చివరిదాకా కాలేవరకు పక్కనే కూర్చుంది.

తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా దేశమంతా కునుకు తీస్తుంది. మేఘ సామ్రాజ్యం కూడా అందుకు మినహాయింపు కాదు. పిల్లలు నిద్రపోయే వేళ గది లోపలి దీపాలు, కెమెరాలు ఆర్పేస్తారు. గుమ్మం మీది కెమెరా ఒక్కటే మెలకువగా ఉంటుంది.

దియెప్ ఓరగా ఉన్న తలుపు లోంచి చూసింది. కుందేలు బొమ్మ మంచం మీద అమ్మమ్మ సరిగ్గా పట్టి పడుకుని ఉంది. పక్కనే నేల మీద, విగ్గు తీసేసి, అమ్మమ్మ అరచేతిలో బుగ్గ పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. అమ్మమ్మ ఇంకో చెయ్యి ఆమె జుట్టు మీద తిరుగుతోంది. ఆ పక్కన తాబేలు బొమ్మ మంచం ఒకటి ఖాళీగా ఉంది.

చప్పుడుకి అమ్మ తల ఎత్తింది. విగ్గు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వెలిగించాను," అంది దియెప్.

ఎలీజ్ అక్క కళ్లు తడిశాయి. తల ఊపింది.

దియెప్ మళ్లీ ఆ ఖాళీ మంచం వైపు చూసింది. గుమ్మం పక్కన ఇక్కడా ఒక జిరాఫీ ఉంది. దానికి వీపు ఆనించింది. గౌను కింద మోకాళ్లు వంచింది, ఇంకాస్త వంచింది, తల నూట నలభై గీత కిందికి దిగేదాకా వంచి, అలాగే నిలబడి అమ్మ మొహంలోకి చూసింది.

అమ్మ చాలాసేపు చూసింది. తరువాత ఒకసారి పైన ఎర్రగా వెలుగుతున్న కెమెరాను చూసింది.

"మీరు పెద్దవారండీ. పెద్దవాళ్లు బయట ఉండాలి," అని, లోపల పడుకున్న పాప లేవకుండా, నెమ్మదిగా తలుపు వేసేసింది.