నగరంలోకెల్లా ఆరోగ్యవంతుడు

జబ్బులు మనుషులకు రావు, పట్టికలకు వస్తాయన్న మహాసత్యాన్ని కలకత్తా నగరం 2005లో అధికారికంగా స్వీకరించింది.

వెంటనే జనారోగ్య విశ్లేషణ విభాగం వెలిసింది. దానికో కంప్యూటరు వచ్చింది. (ఇరవై ఏళ్ల క్రితం ఇదే యంత్రాన్ని ‘చోల్‌బే నా’, సాగనివ్వం అంటూ గుమ్మంలోనే ఆపిన యూనియన్ వారే ఈసారి బంతిపూల దండ వేశారు. జ్ఞానోదయానికి వయసుతో పనిలేదు.) విభాగాధిపతి మృత్యుంజయ గారు విజయవాడ నుంచి వచ్చిన గణాంక పండితుడు. జబ్బుల సంగతి డాక్టర్లనడిగితే ఖర్చు, రోగులనడిగితే ఏడుపు. అందుకని ఆయన హాజరు మస్టర్లను అడిగారు.

ఖిదిర్‌పూర్ పాకీపనివారి క్వార్టర్ల మస్టరు చూసి ఆయనకు ఒళ్లు పులకరించింది. మూడేళ్లలో ఒక్క జబ్బు సెలవూ లేదు! అక్కడుండేది మన శ్రీకాకుళం వాళ్లు. వాళ్లలో ఎవరైనా మంచం పడితే భార్యో మరదలో వెళ్లి ఆ పేరున ఊడ్చి వస్తుంది, మేస్త్రీ గవరయ్య కళ్లు మూసుకుని హాజరు వేస్తాడు. ఆ లెక్కన, క్షయతో నాలుగు నెలలుగా లేవలేని నరసయ్య నగరంలోకెల్లా ఆరోగ్యవంతుడు.

ఇంత ఆరోగ్యం ఉన్నచోట ఉచిత ఆసుపత్రి దేనికి? దాన్ని ఆఫీసర్ల కాలనీకి తరలించాలని కంప్యూటరు సూచించింది. పాపం, అక్కడ ఏటా దుర్గాపూజకు ముందూ వెనకా అందరికీ ఒకేసారి నడుంనొప్పి.

నరసయ్య భార్య తవిటమ్మ పరుగున వచ్చింది.

“ఆస్పటల్ ఎత్తీయకండి బాబూ. మా ఆయన ఇంకా రెండు నెల్లు మాత్రలు మింగాల. మజ్జిలో ఆపితే తిరగబెడతాదని డాక్టరు దాదా సెప్పినాడు.”

మృత్యుంజయ గారు తెర చూశారు. “నరసయ్యేనా? ఇవాళ తెల్లవారుజామున అయిదుకే పనిలోకి దిగాడుగా!”

“అది నానే బాబూ.”

ఆయన నొచ్చుకున్నారు. మంచి మనిషే. “ఆ మాట నేను వినలేదమ్మా. పోనీ, ఒక్క జబ్బు సెలవు పెట్టించు. గ్రాఫు కదిలితే ఆసుపత్రి ఉంటుంది.”

“సెలవెడితే పేరు కొట్టేత్తారు. గది కాళీ సెయ్యమంతారు. ఏటి సెయ్యమంతారు బాబూ?”

ఈ ప్రశ్నకు ఫారంలో గడి లేదు. అయినా ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నరసయ్యకు ‘ఆరోగ్యశ్రేష్ఠ’ బిరుదు సిఫారసు చేశారు. బ్యాండుమేళంతో సభ జరిగింది. బిరుదు కూడా తవిటమ్మే అందుకుంది. కార్మికుల దేహదారుఢ్యం మీద నాయకులు గంటన్నర ఉపన్యసించారు. మర్నాడు ఆసుపత్రి బల్లలతో, మాత్రలతో సహా లారీ ఎక్కింది.

పథకం ఘనవిజయం సాధించింది. ఖర్చు సగానికి దిగింది, ఆరోగ్యం నిలకడగా ఉంది.

నరసయ్య జనవరిలో చనిపోయాడు. ఫిబ్రవరిలో అతని హాజరు నూటికి నూరు.